క్రీట్‌లో సముద్రం పక్కన ఇల్లు: గాలి ఎటు, మెట్లు ఎన్ని

మొదటిసారి మేము గ్రీసులోని క్రీట్ ద్వీపంలో అద్దెకు తీసుకున్న విల్లా ప్రకటనలో "సముద్రానికి 180 మీటర్లు" అని ఉంది. అది అబద్ధం కాదు. కానీ ఆ 180 మీటర్లలో 112 మెట్లు ఉన్నాయన్న సంగతి ఎక్కడా రాయలేదు. మా అత్తగారికి అప్పుడు 79 ఏళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఎనిమిది రోజులూ ఆవిడ వరండాలో కూర్చుని కింద మెరుస్తున్న నీళ్లను చూశారే తప్ప, ఒక్కసారి కూడా పాదం తడుపుకోలేదు. "ఇక్కడి నుంచి బాగానే కనిపిస్తోంది కదమ్మా" అన్నారు. ఆ మాట నన్ను ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది, ఎందుకంటే ఆ ఇల్లు ఎంచింది నేను.

విశాఖ పెదవాల్తేరులో పుట్టి పెరిగినదాన్ని. మాకు ఆర్కే బీచ్ దగ్గర రోడ్డు దాటితే ఇసుక, ఇసుక దాటితే నీళ్లు. సముద్రం దగ్గర అంటే అంతేనని మనసులో నాటుకుపోయింది. మధ్యధరా ద్వీపాల్లో చాలాచోట్ల కొండ తిన్నగా నీళ్లలోకి దిగుతుంది. అందుకే రెండోసారి, మ్యూనిక్‌లో ఉన్న మా అబ్బాయి "అమ్మా, మళ్లీ అక్కడికే వెళ్దాం" అన్నప్పుడు, ఫొటోలు పక్కన పెట్టి దారితో మొదలుపెట్టాను. మీరూ అలాగే మొదలుపెట్టండి.

ఇంటి చోటు తెలియగానే గూగుల్ ఎర్త్‌లో ఆ కప్పు మీద గుర్తు పెట్టి చూడండి. అది సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో తెలుస్తుంది. ఒక మెట్టు సుమారు 17 సెంటీమీటర్లు అనుకుంటే, 20 మీటర్ల ఎత్తంటే దాదాపు 118 మెట్లు. దిగడం సరే, ఎండలో తడి బట్టలతో ఎక్కి రావాలి. చాలా ప్రకటనల్లో ఇంటి కచ్చితమైన చోటు చూపించరు, చుట్టుపక్కల ఒక వలయం మాత్రమే గీస్తారు. అప్పుడు యజమానికి రాయండి: "గేటు దగ్గర నుంచి నీళ్ల అంచు వరకు నడుస్తూ ఫోనులో వీడియో తీసి పంపగలరా? మా ఇంట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఉన్నారు." నేను ఐదుగురికి రాస్తే ఇద్దరు పంపారు. ఒక వీడియోలో దారి మధ్యలో కాలిబాట లేని పెద్ద రోడ్డు కనిపించింది. రెండోది చదును దారి, చివర నాలుగే మెట్లు, పక్కన పట్టుకోవడానికి కమ్మీ. అదే తీసుకున్నాం. జవాబే ఇవ్వని ముగ్గురి ఇళ్లు ఫొటోల్లో ఇంకా అందంగా ఉన్నాయి, అయినా వదిలేశాను.

దారి తర్వాత గాలి. మనకు గాలంటే మబ్బుతో, వానతో వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు, సముద్రం వైపు కిటికీలున్న ఇళ్లకూ లేని ఇళ్లకూ ఉన్న తేడా ఏమిటో మా వీధిలో అందరికీ తెలిసింది. క్రీట్‌లో అలా కాదు. జులై, ఆగస్టు నెలల్లో మెల్తెమి అనే ఉత్తరపు గాలి వీస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, ఎండ కాస్తూనే ఉంటుంది, మధ్యాహ్నానికి బీచ్ గొడుగులు నిలవవు. ఒక్కోసారి రోజుల తరబడి వదలదు. ద్వీపం పడమటి నుంచి తూర్పుకు సుమారు 260 కిలోమీటర్ల పొడవున పడుకుని ఉంటుంది కాబట్టి, ఉత్తర తీరంలో అడ్డేమీ లేని బీచ్‌లన్నీ ఆ గాలికి ఎదురుగానే ఉంటాయి. యొర్గియూపోలి దగ్గర పొడవాటి ఇసుక తీరం చూడముచ్చటగా ఉంటుంది. గాలి రోజుల్లో మాత్రం అక్కడ పిల్లల్ని నీళ్లలోకి దింపడం నాకు ఇష్టం లేదు.

ఇక్కడ మన ఊరే దారి చూపిస్తుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ సముద్రంలోకి చొచ్చుకొచ్చి అడ్డుగా నిలబడబట్టే దాని వెనక రేవు ప్రశాంతంగా ఉంది. పటంలో అలాంటి కొండ ముక్కులను వెతకండి. హన్యా పట్టణానికి తూర్పున కలీవెస్, అల్మిరీద అనే చిన్న ఊళ్లు ఉన్నాయి. వాటికి వాయవ్యాన అక్రోతిరి ద్వీపకల్పం అడ్డుగా ఉంటుంది. మా రెండో ఇల్లు కలీవెస్‌లోనే. తూర్పు వైపున ఎలూందా ముందు స్పినాలోంగా ద్వీపకల్పం గోడలా నిలబడి, లోపలి నీటిని దాదాపు చెరువులా ఉంచుతుంది.

"ఉత్తరపు గాలైతే దక్షిణ తీరానికి వెళ్తే సరి" అని చాలామంది చెబుతారు. ఆ మాట నమ్మి అడ్వాన్సు కట్టేయకండి. మధ్యలో 2,400 మీటర్లు దాటిన కొండలున్నాయి. వాటి లోయల గుండా గాలి ఒక్కసారిగా కిందికి దూకి, ప్లాకియాస్ లాంటి చోట్ల ఇసుకను ముఖానికి కొడుతుంది. దక్షిణాన లూత్రో అనే ఊరుంది, తెల్లటి ఇళ్లు, నీలి కిటికీలు, ఎంత బాగుంటుందో. దానికి రోడ్డే లేదు. పడవలోనో కాలినడకనో చేరాలి. సూట్‌కేసులతో, పెద్దవాళ్లతో అక్కడ బస వద్దు, ఒక పూట చూసి రండి.

నెల ఎంచడంలో మన సెలవులు మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. మన వేసవి సెలవులు మేలో. అప్పుడు అక్కడ నీళ్లు 20 డిగ్రీల దగ్గరే ఉంటాయి. విశాఖ సముద్రానికి అలవాటుపడిన ఒంటికి అది వణుకే. సెప్టెంబరు చివర, దసరా సెలవులు ముందుగా వచ్చిన ఏడాది, వెళ్లగలిగితే అంతకంటే మంచి కాలం లేదు. వేసవంతా కాగిన నీరు 25 డిగ్రీల వరకు ఉంటుంది, మెల్తెమి తగ్గుముఖం పడుతుంది, అద్దెలూ దిగుతాయి.

ఆటుపోట్ల గురించి అడగనక్కర్లేదు. మన దగ్గర పోటుకు ఇసుక సగం మాయమవుతుంది. అక్కడ తేడా జానెడో రెండు జానెళ్లో అంతే. అడగవలసింది అడుగున ఏముందని: ఇసుకా, గులకరాళ్లా, బండా? బండలైతే రబ్బరు చెప్పులు తప్పనిసరి, రాళ్ల సందుల్లో నల్లటి ముళ్ల బంతుల్లాంటి జీవులు అంటిపెట్టుకుని ఉంటాయి. "సొంత బీచ్" అన్న ప్రకటనకు అదనంగా ఒక్క యూరో కూడా ఇవ్వకండి. గ్రీసు చట్టం ప్రకారం సముద్రతీరం అందరిదీ. 2020లో మన రుషికొండకు వచ్చిన బ్లూ ఫ్లాగ్ అక్కడ చాలా బీచ్‌లకు ఉంది. నీటి శుభ్రత, ప్రాణరక్షకుల ఏర్పాటు చూసి ఇస్తారు కాబట్టి మీ బీచ్‌కు ఉందో లేదో చూసుకోండి.

ఇంట్లో కింది అంతస్తులో ఒక పడకగది, స్నానాలగది ఉండాలి. ఈత కొలను ఉంటే చుట్టూ కంచె ఉందా, తక్కువ లోతున్న వైపు లోతు ఎన్ని మీటర్లు అని అడగండి. చాలా విల్లాల్లో కంచె ఉండదు, మా మనవడికి అప్పుడు నాలుగేళ్లు. అక్రోతిరి మీద ఇల్లయితే విమానాల సంగతి తెలుసుకోండి. మన విమానాశ్రయం నౌకాదళంతో కలిసి ఉన్నట్టే హన్యా విమానాశ్రయం అక్కడి వైమానిక దళంతో కలిసి ఉంది. యుద్ధవిమానాల చప్పుడు మనకు కొత్త కాదు గాని, సెలవులో ఎందుకు?

డబ్బు విషయంలో నాది ఒకటే పట్టుదల: వీసా చేతికి వచ్చే తేదీ తర్వాత కూడా రద్దు చేసుకునే వీలున్న ఇల్లే తీసుకోండి. గ్రీసు సహా పలు ఐరోపా దేశాలకు చెల్లే షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందు చేయాలి. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు రుసుము 90 యూరోలు, ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. ప్రకటనలో గ్రీసు ప్రభుత్వ నమోదు సంఖ్య ఉందో లేదో చూడండి. అది లేని ఇంటి జోలికి పోవద్దు. 2024 నుంచి రోజు లెక్కన వాతావరణ రుసుము కూడా వసూలు చేస్తున్నారు, అద్దెలో అది కలిసిందో లేదో రాతపూర్వకంగా అడగండి. కారు తీసుకుంటే ఇక్కడి రవాణా కార్యాలయంలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని వెళ్లండి. అక్కడ బండ్లు కుడివైపున నడుస్తాయి. చివరి అరకిలోమీటరు మట్టిదారి అయితే, ఆ దారిలో కారుకు తగిలే దెబ్బలకు అద్దె బీమా వర్తించకపోవచ్చు. ఆ మట్టిదారిని కూడా వీడియో తీసి పంపమని అడగాలి.

ఇక వంట. పొయ్యి గ్యాసుదా, ఇండక్షనా అని అడగకుండా కుక్కర్ సర్దకండి, మామూలు అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ మీద పనిచేయదు. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు, పచ్చి కరివేపాకు ఐరోపాలోకి తీసుకెళ్లనివ్వరు. చింతపండు, ఇంగువ, ఆవకాయ పెట్టుకోండి. పప్పు కొద్దిగా చాలు, అక్కడ ఫావా అనే పసుపు బద్దలు దొరుకుతాయి, వాటితో పప్పు బాగా కుదురుతుంది. వేసవిలో సంతలో బెండకాయలు కూడా వస్తాయి. పెరుగు మాత్రం మన జున్నంత గట్టిగా ఉంటుంది. రెండింతలు నీళ్లు పోసి, ఉప్పు వేసి చిలికితే మజ్జిగ. కలీవెస్‌లో మా అత్తగారు రోజూ నీళ్లలో మోకాళ్ల దాకా నిలబడి వచ్చాక అదే అడిగేవారు.