ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చేరబోయే పిల్లలకు, వాళ్ల ఇంట్లోవాళ్లకు

జూన్‌లో బడులు తెరిచిన కొన్నాళ్లకే ఎన్‌సీసీకి పేర్లు రాసుకోవడం మొదలవుతుంది. జూనియర్ డివిజన్‌కి ఎక్కువగా ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్నే తీసుకుంటారు. శిక్షణ రెండేళ్లు. మీ బడికి ఎయిర్ వింగ్ ఉంటే ఆ సాయంత్రం ఇంట్లో “నేను విమానం నడుపుతా” అన్న మాట వినపడటం ఖాయం. అడ్డుపడకండి. అయితే ఒక సంగతి ముందే చెప్పుకోవాలి. బడి వయసు క్యాడెట్ గాల్లో ఉండేది అదృష్టం బాగుంటే కొన్ని నిమిషాలు. మిగతా కాలమంతా ఎండలో, బూట్లలో, బొమ్మ విమానాలు చేసే బాల్సా చెక్క ముందు గడుస్తుంది. ఇబ్బందులు వచ్చేదీ అక్కడే, అవీ చాలావరకు ఎవరో ఏదో దాచిపెట్టడం వల్లే.

ఆ దాచడం ఫారం నింపేటప్పుడే మొదలవుతుంది. ఉబ్బసం ఉందనో, చిన్నప్పుడు ఫిట్స్ వచ్చాయనో రాస్తే తీసుకోరేమోనని “ఆ సంగతి ఎందుకులే నాన్నా” అనేది తల్లిదండ్రులే. వద్దు. ఉన్నదున్నట్టు రాయండి, ఎన్‌సీసీ చూసుకునే మాస్టారికి నోటితో కూడా చెప్పండి. ఇన్‌హేలర్ వాడే పిల్లాడి జేబులో అది ఉందని పక్క వరుసలో నిలబడేవాడికి కూడా తెలియాలి.

ఇక బూట్లు. ఇచ్చిన బూట్లు బిగుతుగా ఉన్నా, వదులుగా ఉన్నా “సైజు సరిపోలేదు సార్” అని ఆ రోజే అనాలి. నేను అనలేదు. రెండు వారాలు మడమల మీద బొబ్బలతో కుంటుతూ నడిచి, పరేడ్‌లో అడుగు తప్పుతున్నానని తిట్లు కూడా తిన్నాను. బూట్లను సాయంత్రం పూట, మందపాటి సాక్సుతో వేసి చూడండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. మొదటి పరేడ్‌కి ముందు వారం రోజులు ఇంట్లో రోజూ అరగంట తొడుక్కుని తిరగాలి. బొబ్బ లేస్తే పిన్నీసుతో పొడవొద్దు, శుభ్రంగా కడిగి ప్లాస్టర్ వేయండి.

అన్నిటికంటే ఎక్కువగా చూసేది కళ్లు తిరిగి పడిపోవడం. పంద్రాగస్టు రిహార్సళ్లలో ఏటా ఎవరో ఒకరు పడతారు. “సావధాన్” అనగానే పిల్లలు మోకాళ్లు కర్రల్లా బిగించేస్తారు. కదలిక లేక రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది, తలకి చాలదు. మోకాళ్లు కొద్దిగా వదులుగా ఉంచి, బూట్ల లోపలే కాలివేళ్లు ఆడిస్తూ ఉండాలి. బయటికి ఎవరికీ కనపడదు. చెవుల్లో హోరు మొదలైనా, చూపు మసకేసినా వెంటనే కూర్చోండి. పరువు పోదు, నిలువునా పడితే పళ్లు పోతాయి. పొద్దున్నే ఖాళీ కడుపుతో పంపకండి. రెండు ఇడ్లీలు, గ్లాసెడు రాగిజావ, లేకపోతే పెరుగన్నమైనా సరే. పరేడ్ అయ్యాక సమోసా ఇస్తారు కదా అని ఆగితే ఆ సమోసా తినడానికి లేచి ఉండరు.

ఏరోమోడలింగ్‌లో ప్రమాదం చేతివేళ్లకి. బాల్సా మెత్తగా ఉంటుంది కాబట్టి బ్లేడు అనుకున్నదానికన్నా వేగంగా దిగుతుంది. ఎడమ చెయ్యి ఎప్పుడూ బ్లేడు దారికి పక్కన ఉండాలి. చిన్న ఇంజన్ ప్రొపెల్లర్‌ని వేలితో తిప్పి స్టార్ట్ చేసే ధైర్యవంతులు ప్రతి బ్యాచ్‌లో ఒకరుంటారు, మీరు కావొద్దు, కర్రతో తిప్పండి. తీగలు పట్టుకుని తిప్పే మోడల్‌ని కరెంటు తీగలున్న మైదానంలో అసలు ఎగరేయకూడదు. తీగకి తీగ తగిలితే షాక్ నేరుగా చేతికే వస్తుంది. పాయింట్ టూ టూ రైఫిల్ దగ్గర రూల్ ఒక్కటే: ఖాళీదైనా మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే.

ఇద్దరే పట్టే మైక్రోలైట్ ఎక్కే అవకాశం వస్తే, జలుబు ఉన్న రోజు ఎక్కొద్దు. ముక్కు మూసుకుపోయి ఉంటే దిగేటప్పుడు చెవిపోటు భరించలేరు. జేబులు ఖాళీ చేసి, టోపీ, చున్నీ లాంటివి కింద పెట్టి వెళ్లండి. తిరగనట్టు కనపడే ప్రొపెల్లర్ కూడా తిరుగుతున్నట్టే లెక్క. పిలిచేదాకా దగ్గరికి పోవద్దు.

పదిరోజుల క్యాంపుకి ఫోను, బంగారు కమ్మలు ఇంట్లోనే. తడి సాక్సు, తడి లోదుస్తులు మళ్లీ వేసుకుంటే తామర గ్యారంటీ, కాబట్టి జతలు ఎక్కువ పెట్టండి, దోమతెర మర్చిపోకండి. ఆడపిల్లలైతే ప్యాడ్లు అవసరానికి మించే తీసుకెళ్లాలి. నెలసరి నొప్పి ఉంటే గర్ల్ క్యాడెట్ ఇన్‌స్ట్రక్టర్ మేడమ్‌తో మొహమాటం లేకుండా చెప్పాలి.

దుండిగల్ వాయుసేన అకాడమీ దాకా కల ఉన్నవాళ్లకి ఇంకో నాలుగు మాటలు. బడిలో వచ్చేది ‘ఎ’ సర్టిఫికెట్, దానికీ 75 శాతం హాజరు కావాలి. వాయుసేన ప్రత్యేక ఎంట్రీకి పనికొచ్చేది కాలేజీలో ఎయిర్ వింగ్‌లో తెచ్చుకునే ‘సి’ సర్టిఫికెట్, ఆ తర్వాతా ఎస్‌ఎస్‌బీ (అధికారుల్ని ఎంపిక చేసే బోర్డు ఇంటర్వ్యూ) గట్టెక్కాల్సిందే. ఇంటర్ అవగానే ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) ద్వారా వాయుసేనకి వెళ్లాలంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ తప్పనిసరి, కాబట్టి బైపీసీ తీసుకునే ముందు ఆగి ఆలోచించండి. కళ్లజోడు వదిలించుకుందామని 20 ఏళ్లు నిండకుండా లేసిక్ చేయిస్తే ఆ దారి అక్కడితో మూసుకుపోతుంది. జాతరలో సరదాగా పొడిపించుకున్న పచ్చబొట్టు కూడా మెడికల్‌లో అడ్డం పడొచ్చు.

ఎన్‌సీసీలో చేరడానికి ఫీజు లేదు. “క్యాడెట్ పైలట్” అంటూ రంగుల కరపత్రం ఇచ్చి అడ్వాన్సు అడిగేవాళ్లు ఎన్‌సీసీ కాదు. డబ్బు కట్టేముందు మీ బడిలో ఎన్‌సీసీ చూసే మాస్టారిని ఒక్కసారి అడగండి.