తోటలో ఎర్రచీమల పెంపకం – 3వ పాఠం: గూటికి పట్టుదారం ఎక్కడిది?

గుణుపురం, కాశీనగరం, పర్లాకిమిడి వైపు మామిడి, జీడి తోటలున్నవాళ్ళకు ఎర్రచీమల గూళ్ళు కొత్త కాదు. ఒడియావాళ్ళు ‘కాయి’ అనేది వీటినే. నిండా ఎర్రచీమలున్న జీడి చెట్టుకు టీ దోమ (చిగుళ్ళ రసం పీల్చే పురుగు) బెడద తక్కువని చూసి, ఎక్కడినుంచో ఒక గూడు కోసుకొచ్చి తమ చెట్టుకు కడతారు. కొన్నాళ్ళకు చీమలు పలచబడిపోతాయి. తెచ్చిన గూట్లో పిల్ల (ఇంకా చీమలు కాని పురుగులు) లేకపోవడమో, రాణి రాకపోవడమో దీనికి ముఖ్య కారణం. అందుకే గూడు కోసే ముందు దాని కట్టుబడి తెలియాలి.

పొద్దున్నే, కొత్తగా కడుతున్న గూటి దగ్గర కాసేపు నిలబడండి. చీమలు ఒక ఆకు అంచున వరసగా నిలబడి, వెనక కాళ్ళతో ఆ ఆకును పట్టుకుని, పక్క ఆకు అంచును దవడలతో లాగుతుంటాయి. రెండాకుల మధ్య ఎడం ఒక చీమ పొడుగును మించితే, ఒకదాని నడుమును ఇంకొకటి కరిచి గొలుసు కడతాయి. గొలుసు పొట్టిదవుతున్నకొద్దీ ఆకులు దగ్గరవుతాయి. అప్పుడు పాత గూటినుంచి కొన్ని చీమలు పిల్లపురుగుల్ని నోట కరుచుకుని వస్తాయి. పురుగు మూతిని ఈ ఆకు అంచుకు తాకించి, ఆ ఆకుకు తీసుకెళ్ళి మళ్ళీ తాకిస్తాయి. తెల్లటి పట్టుపొర అలా పడుతుంది. పెద్ద చీమకు పట్టు లేదు. ఉన్నది ఎదిగిన పిల్లపురుగుకే. అదీ తన కోసం పట్టుకాయ కట్టుకోకుండా మొత్తం గూటికే ఇచ్చేస్తుంది.

మనవాళ్ళు తెల్లగా కనబడేదాన్నంతా గుడ్లనేస్తారు. గుడ్లు కంటికి ఆనవు. కాళ్ళు లేకుండా నున్నగా, బియ్యపు నూకలా ఉన్నది పిల్లపురుగు. ముడుచుకున్న కాళ్ళు, మీసాలు కనబడితే అది ప్యూపా, అంటే పురుగు చీమగా మారే దశ. దానికి పట్టు ఉండదు. గూట్లో ప్యూపాలే ఉండి పురుగులు లేకపోతే కొత్త చెట్టు మీద కుట్టుపని ఆగిపోతుంది. 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మయూర్‌భంజ్ కాయి చట్నీకి చీమలతోపాటు ఈ పిల్లల్నీ వాడతారు. చట్నీకి ఇప్పుడే గూళ్ళు దులిపిన చెట్టునుంచి కాలనీ (ఒకే రాణి కుటుంబపు చీమలన్నీ) తేవద్దు.

అన్ని గూళ్ళూ ఒకటి కావు. ఒక కాలనీ పది చెట్లకు పైగా పాకవచ్చు, రాణి మాత్రం ఒక్క గూట్లోనే ఉంటుంది. హద్దు చెట్ల మీది చిన్న గూళ్ళు ముసలి చీమల కాపలా కొట్టాలు; వాటిలో పిల్ల ఉండదు. చేతికందుతాయని వాటినే కోసుకొస్తారు, అక్కడే తప్పుతుంది. రాణి గూడు సాధారణంగా నడిమి చెట్టు మీద పైకొమ్మల్లో ఉంటుంది. రాణి ఆకుపచ్చ ఛాయలో, దాదాపు 2 సెంటీమీటర్ల పొడవుంటుంది.

ఇక వెచ్చదనం. చలిదేశాల అడవి చీమలు పుల్లలు, సూదాకులు కుప్పపోసి, ఆ కుప్ప కుళ్ళే వేడిని కూడా వాడుకుంటాయి. మన ఎర్రచీమకు ఆ వీలు లేదు. ఎండ వేడి, పచ్చి ఆకు వదిలే తేమ, దానికున్నవి ఇవే. ఆకు ఎండితే గూడు బీటలిస్తుంది, చీమలు పిల్లల్ని మోసుకుని వేరే గూటికి పోతాయి. కొరాపుట్ కొండల మీద చలి 10 డిగ్రీల లోపుకు దిగే రోజుల్లో పిల్ల పెరుగుదల మందగిస్తుంది. అప్పుడు తరలింపు పెట్టుకోవద్దు. వానలు తగ్గి, చెట్టు మెత్తని చిగురు వేసే అక్టోబరు, నవంబరు నెలలు మంచివి.

తెల్లవారుజామున చీమలు చాలావరకు లోపలే ఉంటాయి, అప్పుడే కోయాలి. చేతులకు, దోటికి బూడిద రాసుకోండి. ఈ చీమకు కొండి లేదు గానీ, కొరికిన గాటు మీద ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతుంది, కళ్ళు జాగ్రత్త. గూడును కొమ్మతో సహా గోనెసంచిలోకి దించి మూతి కట్టండి. ఒకే కాలనీ గూళ్ళన్నీ తేవాలి. రెండు కాలనీలవి ఒక సంచిలో పడితే దారిలోనే చంపుకుంటాయి. సంచి నీడలో ఉంచి, అదే రోజు కొత్త చెట్టుకు చేర్చండి. చీమల్ని తెచ్చే ముందే కొత్త చెట్టు మొదలు దగ్గర చేపముక్క పెట్టి చూడండి. నల్లచీమలు మూగితే అవి పోయాకే తేవాలి. చెట్టు పంగలో, ఉదయపు ఎండ తగిలే వైపు, సంచి మూతి విప్పి కట్టండి. కొమ్మలు కలవని చెట్లకు కొబ్బరితాడు వంతెన వేయండి. మొదటి వారం చక్కెర నీళ్ళు, చేపముక్కలు పెట్టండి. పురుగుమందు కొట్టిన చెట్టయితే ఈ శ్రమంతా వృథా.

రాణి రాకపోయినా, తెచ్చిన పిల్ల చీమలై బయటికొస్తుంటే కాలనీ కొన్ని నెలలు బాగానే కనబడుతుంది. అది చూసి మోసపోవద్దు. మరో సంగతి: పిండినల్లి విడిచే తేనెజిగురు కోసం ఈ చీమలు దాన్ని కాపాడతాయి. పిండినల్లి ముదిరిన కొమ్మల్ని ముందే కత్తిరించండి.

వచ్చే పాఠం లోపు మీ తోటలో ఒక కాలనీ ఎంచుకోండి. దాని గూళ్ళన్నీ లెక్కపెట్టి, ఏ చెట్టు మీద ఎన్ని, ఎంత ఎత్తున, పచ్చివా ఎండినవా రాసుకోండి. రాలిపోయిన ఎండు గూడు దొరికితే విప్పి, పట్టుపొర ఏ ఆకుల మధ్య మందంగా ఉందో చూడండి.