ట్యూబ్ ప్రీయాంప్‌కు చవకైన పవర్ యాంప్: జత కుదరనప్పుడు

తక్కువ ఖర్చులో పవర్ యాంప్ (స్పీకర్లను నడిపే యాంప్లిఫయర్) వెతికేవారు ముందుగా వాట్లు చూస్తారు. దానికి ముందు సిగ్నల్‌ను సిద్ధం చేసే ట్యూబ్ ప్రీయాంప్ (వాక్యూమ్ ట్యూబులతో పనిచేసేది) ఉన్నవారు వాట్లకన్నా ముందు చూడవలసింది ఇన్‌పుట్ ఇంపెడెన్స్, అంటే లోపలికి వచ్చే సిగ్నల్‌కు యాంప్ చూపే నిరోధం. వివరాల పట్టికలో ఎక్కడో అడుగున ఉంటుంది ఆ అంకె.

సమస్య: బేస్ పలచబడింది

కొత్త యాంప్ పెట్టగానే డబుల్ బేస్ నాదంలో నిండుదనం పోతుంది. డ్రమ్ము దెబ్బ వినబడుతుంది కానీ దాని బరువు తెలియదు. నేను కొన్న మొదటి చిన్న క్లాస్ డి (స్విచింగ్ పద్ధతిలో పనిచేసే) యాంప్‌తో ఇదే జరిగింది. తప్పు స్పీకర్లదేమోనని వాటిని గోడకు దగ్గరగా, దూరంగా జరుపుతూ మూడు రాత్రులు గడిపాను. తప్పు వాటిది కాదు.

కారణం: ట్యూబ్ ప్లేటు (పెరిగిన సిగ్నల్ వచ్చే ఎలక్ట్రోడ్) మీద వంద వోల్టులకు పైగా డీసీ ఉండటం మామూలే. అది బయటకు రాకుండా ప్రీయాంప్ అవుట్‌పుట్‌లో కప్లింగ్ కెపాసిటర్ ఉంటుంది. ఆ కెపాసిటరూ, పవర్ యాంప్ ఇన్‌పుట్ ఇంపెడెన్సూ కలిసి కింది స్వరాలను కోసే ఫిల్టర్ అవుతాయి. కెపాసిటర్ 0.47 మైక్రోఫారడ్ అనుకుందాం. ఎదురుగా 100 కిలో ఓమ్‌ల యాంప్ ఉంటే కోత 3.4 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, చెవికి తెలియదు. అదే 10 కిలో ఓమ్‌లైతే కోత 34 హెర్ట్జ్‌కు ఎక్కుతుంది, 20 హెర్ట్జ్ దగ్గర దాదాపు 6 డెసిబెల్‌లు పోతాయి. కెపాసిటర్ 0.22 అయితే కోత 72 హెర్ట్జ్ దాకా ఎక్కుతుంది.

పరిష్కారం: ఇంకా కొనకపోతే పని సులువు. ప్రీయాంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్‌కు (సిగ్నల్ బయటకు వచ్చే చోట దాని సొంత నిరోధానికి) కనీసం పది రెట్లు ఇన్‌పుట్ ఇంపెడెన్స్ ఉన్న యాంప్ తీసుకోండి. నా మటుకు 47 కిలో ఓమ్‌లకు తక్కువైతే ఆలోచిస్తాను. ఇప్పటికే కొనేసి ఉంటే కెపాసిటర్‌ను 2.2 మైక్రోఫారడ్‌కు మార్చవచ్చు, 10 కిలో ఓమ్‌లతోనూ కోత 7 హెర్ట్జ్‌కు దిగుతుంది. స్విచ్ ఆపినా లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది కాబట్టి ఇది తెలిసినవారి చేత చేయించాల్సిన పని. క్యాథోడ్ ఫాలోవర్ (అవుట్‌పుట్ ఇంపెడెన్స్‌ను తగ్గించే ట్యూబ్ దశ) లేకుండా 12ఏఎక్స్7 అనే ట్యూబ్ ప్లేటు నుంచే సిగ్నల్ తీసుకునే ప్రీయాంప్‌కు ఇది చాలదు. దాని అవుట్‌పుట్ ఇంపెడెన్స్ పదుల కిలో ఓమ్‌లలో ఉంటుంది, అందుకు మధ్యలో బఫర్ (ఇన్‌పుట్ ఇంపెడెన్స్ ఎక్కువ, అవుట్‌పుట్ ఇంపెడెన్స్ తక్కువ ఉండే సర్క్యూట్) పెట్టాల్సిందే. అలాంటి ప్రీయాంప్‌కు పొడవాటి కేబుల్ తగిలిస్తే పైస్వరాలూ మసకబారతాయి.

చవకైన బోర్డులు చాలావాటిలో కనిపించే టీపీఏ3116డీ2 చిప్‌నే చూడండి. గెయిన్ (సిగ్నల్‌ను పెంచే మోతాదు) 20 డెసిబెల్‌ల దగ్గర ఉంచితే దాని ఇన్‌పుట్ ఇంపెడెన్స్ 60 కిలో ఓమ్‌లు, 36కు పెంచితే 9 మాత్రమే. గెయిన్ ఎలాగూ ప్రీయాంప్ ఇస్తుంది కాబట్టి తక్కువ సెట్టింగే మనకు కావాలి. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు: రెండో పిట్ట కింది సమస్య.

సమస్య: నాబ్ కొద్దిగా తిప్పగానే హోరు, పాట లేనప్పుడు సుయ్‌మనే శబ్దం

కారణం: గెయిన్ మీద గెయిన్. చాలా పవర్ యాంపులు ఒకటిన్నర వోల్టు అందితే పూర్తి శక్తికి చేరుతాయి. సీడీ ప్లేయరే 2 వోల్టులు ఇస్తుంది, దాన్ని ప్రీయాంప్ ఇంకా పెంచుతుంది.

పరిష్కారం: యాంప్‌కు లెవెల్ నాబ్‌లు ఉంటే తగ్గించండి. లేకపోతే దాని ఇన్‌పుట్ దగ్గర 10 డెసిబెల్‌ల అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించే సాధనం) పెట్టండి. దానికీ సొంత ఇన్‌పుట్ ఇంపెడెన్స్ ఉంటుంది, ఆ అంకె చూడకుండా కొంటే పోయిన బేస్ మళ్లీ పోతుంది.

సమస్య: గుయ్‌మనే హమ్

యాంప్ ఆపి, ప్రీయాంప్ కేబుళ్లు తీసి, మళ్లీ ఆన్ చేసి వినండి. హమ్ ఆగితే పవర్ యాంప్‌లో దోషం లేదు, చాలాసార్లు గ్రౌండ్ లూపే (రెండు పరికరాల ఎర్త్‌లు, కేబుళ్లు కలిసి ఏర్పడే వలయమే) కారణం. రెండింటినీ ఒకే ప్లగ్ బోర్డు నుంచి నడపండి, కేబుళ్లను ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా ఉంచండి. హమ్ పోతుందని ఎర్త్ పిన్ మాత్రం ఎన్నడూ తీయవద్దు.

సమస్య: ఆన్ చేసేటప్పుడు ధబ్‌మనే దెబ్బ

ట్యూబులు వేడెక్కేలోపు కప్లింగ్ కెపాసిటర్ చార్జ్ అవుతూ ఒక కుదుపును బయటకు పంపుతుంది. పెద్ద కెపాసిటర్ వేయించుకుంటే ఆ కుదుపూ పెద్దదే. ముందు ప్రీయాంప్, ఒక నిమిషం ఆగి పవర్ యాంప్ ఆన్ చేయండి. ఆపేటప్పుడు పవర్ యాంప్ ముందు. దాని దీపం పూర్తిగా ఆరేదాకా ప్రీయాంప్ స్విచ్ ముట్టుకోకండి.