సీడీ రైటర్ లేకపోయినా లైనక్స్ ఎక్కించుకోవచ్చు

పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ మింట్ (విండోస్‌లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేద్దామంటే సీడీ రైటర్ పనిచేయలేదు. 8 జీబీ పెన్‌డ్రైవ్‌తో పనైపోయింది. అందులోని ఫొటోలు ముందే వేరేచోట దాచుకోండి, అన్నీ చెరిగిపోతాయి. విండోస్ ఉన్న కంప్యూటర్‌లో వెంటాయ్ (Ventoy: పెన్‌డ్రైవ్ నుంచి కంప్యూటర్ మొదలయ్యేలా చేసే ప్రోగ్రామ్) దించుకుని, దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఇన్‌స్టాల్ చేయండి. తర్వాత మింట్ ఐఎస్ఓ ఫైల్‌ని (మింట్ మొత్తం ఉండే ఒకే ఫైల్) పాటలు కాపీ చేసినట్టే అందులో వేయడమే, అన్‌జిప్ చేయక్కర్లేదు. పెన్‌డ్రైవ్ పెట్టి ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే చాలావాటిలో ఎఫ్12 (హెచ్‌పీలో అయితే ఎఫ్9) వరసగా నొక్కుతూ ఉంటే బూట్ మెనూ (దేని నుంచి మొదలవ్వాలో అడిగే జాబితా) వస్తుంది. అందులో పెన్‌డ్రైవ్‌ని ఎంచుకోండి. తర్వాత వచ్చే వెంటాయ్ మెనూలో మింట్ ఫైల్‌ని ఎంచుకుంటే, మింట్ నేరుగా పెన్‌డ్రైవ్ నుంచే తెరుచుకుంటుంది. వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయో లేదో అక్కడే చూసుకుని అప్పుడు ఇన్‌స్టాల్ చేస్తే టెన్షన్ ఉండదు. మరీ పాత 32 బిట్ ప్రాసెసర్ అయితే మాత్రం ఇప్పటి మింట్ ఎక్కదు.