తీరంలోని మిత్రుడి గొంతు వినబడనప్పుడు: తుఫాను కాలానికి హామ్ రేడియో మిత్రుల జాగ్రత్తలు

బంగాళాఖాతంలో తుఫాన్లు పుట్టే కాలాలు రెండు. వేసవిలో నైరుతి రుతుపవనాలకు ముందు ఒకటి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మరొకటి. ఈ నెలల్లో, లైసెన్సు తీసుకుని సొంత రేడియో సెట్టుతో ఒకరితో ఒకరు మాట్లాడుకునే హామ్ రేడియో అభిరుచి ఉన్నవారికి ఇల్లూ వాకిలీ చూసుకోవడంతో పాటు ఇంకొక పని కూడా ఉంటుంది. రోజూ ఉదయం నెట్‌లో, అంటే ఒకే ఫ్రీక్వెన్సీ మీద అందరూ కలుసుకునే వేళలో, కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే గుర్తింపు పేరు) చెప్పి, ఊరి వాతావరణం చెప్పి, నాలుగు మాటలు కలిపి వెళ్లే మిత్రుడు తుఫాను తీరం దాటిన మరునాడు పలకకపోతే, ఆయన క్షేమాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ దారిన కనుక్కోవాలో గాలి మొదలు కాకముందే తేల్చి పెట్టుకోవాలి. ఈ ఏర్పాటు లేని బృందంలో ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. అందరూ ఆ ఒక్క నంబరుకే ఫోను చేస్తారు, ఒకరు విన్నదానికి మరొకరు కొంత కలిపి చెబుతారు, సాయంత్రానికి కంగారు తప్ప కబురేమీ మిగలదు.

మిత్రుడు పలకకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు స్తంభాలు, సెల్ టవర్లు కూలిపోయి నగరానికి బయటి ప్రపంచంతో మాట తెగిపోయింది. కైలాసగిరి మీదున్న వాతావరణ శాఖ రాడారు కూడా దెబ్బతిన్నది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస ప్రాంతాన్ని తాకినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగి, పల్లెల్లో రోజుల తరబడి చీకటి తప్పలేదు. ఇలాంటి వేళ యాంటెనా పడిపోవడం, బ్యాటరీ అయిపోవడం, ఇల్లు వదిలి పునరావాస కేంద్రానికి వెళ్లడం, పక్కింటివారి పనిలో మునిగి సెట్టు సంగతే మరచిపోవడం, ఇవన్నీ మాట వినబడకపోవడానికి మామూలు కారణాలే. ఓడరేవుల్లో ఎగరవేసే ప్రమాద సూచికల్లో పదో నంబరు అతి పెద్ద ప్రమాదానికి గుర్తు అని అందరికీ తెలుసు. దాని మీద పదకొండోది కూడా ఉందని, అది తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని తెలిపే సూచిక అని తెలిసినవారు తక్కువ. మాట తెగడాన్ని కూడా ముందే లెక్కలోకి తీసుకున్న ఆ పద్ధతినే మన బృందాలూ పాటించడం మంచిది.

మొదట చేయవలసినది వివరాల కాగితం. తీరప్రాంతంలో ఉన్న ప్రతి సభ్యుడి కాల్‌సైన్, ఇంట్లో ఉండేవారు, వారి ఫోను నంబర్లు, ఇరుగుపొరుగులో ఒకరి నంబరు, వేరే జిల్లాలో ఉన్న దగ్గరి బంధువు నంబరు అందులో ఉండాలి. ఇంటి చిరునామాను డోరు నంబరుతో సరిపెట్టకుండా, రామాలయం వెనక వీధిలో నీళ్ల ట్యాంకు పక్క ఇల్లు అన్నట్లు గుర్తులతో రాయాలి, ఎందుకంటే తుఫాను మరునాడు ఆ ఇంటిని వెతుక్కుంటూ వెళ్లేది ఆ ఊరికి కొత్తవాడైన సహాయక సిబ్బందిలో ఒకరు కావచ్చు. ఇంట్లో మంచం పట్టిన పెద్దవారు, ఇన్సులిను వాడేవారు, నెలలు నిండిన గర్భిణి ఉంటే ఆ సంగతి తప్పక రాయాలి. ఈ వివరాలన్నీ అందరి చేతుల్లో ఉండవలసినవి కావు. వాటిని సభ్యుడి అనుమతితో ఇద్దరు నమ్మకస్తుల దగ్గర, ఫోనులోనే కాక కాగితం మీద కూడా ఉంచాలి. ఆ ఇద్దరూ ఒకే ఊరివారు కాకూడదు. ఒకరు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటే, తీరమంతా చీకటైనా కాగితం వెలుతురులో ఉంటుంది.

తరువాతిది వేళల ఒప్పందం. వాతావరణ శాఖ తుఫాను సమాచారాన్ని దశలవారీగా ఇస్తుంది. తీరంలో ప్రతికూల వాతావరణం మొదలవడానికి కనీసం 48 గంటల ముందు అప్రమత్తత ప్రకటన, 24 గంటల ముందు హెచ్చరిక వెలువడతాయి. అప్రమత్తత ప్రకటన వచ్చిన రోజే మిత్రుడితో తీరిగ్గా మాట్లాడి, ఇంట్లోనే ఉంటారా, పునరావాస కేంద్రానికి వెళతారా, వెళితే ఏ బడికి, సెట్టు వెంట తీసుకువెళతారా అని అడిగి రాసుకోవాలి. ఆ మాటల్లోనే తిరిగి కలుసుకునే వేళలు కూడా ఖాయం చేసుకోవాలి. ఉదయం ఏడు, మధ్యాహ్నం ఒంటిగంట, సాయంత్రం ఏడు గంటలకు మొదటి పది నిమిషాలు అనుకుంటే చాలు. పగటి వేళలకు 7 మెగాహెర్ట్జ్ బ్యాండులో ఒక ఫ్రీక్వెన్సీ, చీకటి పడ్డాక 3.5 మెగాహెర్ట్జ్ బ్యాండులో మరొకటి, అవి ఖాళీగా లేకపోతే ఎంత పైకి జరగాలో కూడా అప్పుడే చెప్పుకోవాలి. దగ్గరి ఊళ్లవారు రెండు మీటర్ల బ్యాండు రిపీటరును (మాటను అందుకుని దూరానికి తిరిగి ప్రసారం చేసే సాధనాన్ని) నమ్ముకుని ఉండిపోకూడదు. కొండ మీదో ఎత్తైన మేడ మీదో ఉండే రిపీటరే గాలికి మొదట బలి కావచ్చు కాబట్టి, నేరుగా మాట్లాడుకునే సింప్లెక్స్ ఫ్రీక్వెన్సీ ఒకటి అనుకుని ఉండాలి. ఎన్ని వేళలు తప్పితే విచారణ మొదలుపెట్టాలో కూడా ముందే అనుకోవాలి. నా దృష్టిలో కేంద్రానికి వెళతానని చెప్పినవారికి రెండు రోజుల గడువు, ఇంట్లో ఉంటానని చెప్పినవారికి ఒక రోజు గడువు సబబు.

ఇక తీరంలో ఉన్న మిత్రుడి ఇంటి దగ్గర చేయవలసినవి. యాంటెనాలను దించే పని గాలి మొదలయ్యాక చేసేది కాదు. హెచ్చరిక వెలువడే సరికే పని ముగిసి ఉండాలి. అడ్డ కడ్డీలతో ఉండే యాగీ యాంటెనాకు గాలి పట్టు ఎక్కువ. దాన్ని దించలేనప్పుడు కనీసం స్తంభాన్ని కిందికి జరిపి, దాన్ని నిలబెట్టే గై తీగల బిగింపును సరిచూసుకోవాలి. తీగ యాంటెనా అయితే రెండు కొసలూ దించి చుట్ట చుట్టి లోపల పెట్టడమే మేలు. చాలామంది డైపోల్ (రెండు సమాన తీగల యాంటెనా) కొసలను కొబ్బరిచెట్లకు నైలాను తాడుతో కడతారు. ఆ తాడు ఏడాది ఎండకు పెళుసెక్కి, చేత్తో నలిపితే పొడి రాలే స్థితిలో ఉంటుంది. చూడటానికి బాగానే కనిపిస్తుంది, ముడి దగ్గర మాత్రం గోటితో గీకితే పోగులు విడిపోతాయి. అలాంటి తాడును ఈ సీజనులోనే మార్చాలి. యాంటెనాను సెట్టుకు కలిపే కోయాక్స్ కేబులును సెట్టు నుంచి విప్పి, కొసను ఇంటి బయటే వదిలి, కనెక్టరులోకి నీరు దిగకుండా ప్లాస్టిక్ సంచి చుట్టి టేపు వేయాలి. ఒకసారి కేబులు లోపలి లోహపు జాలికవచంలోకి నీరు ఎక్కితే ఆ కేబులు పైకి బాగానే కనిపిస్తూ శక్తినంతా తినేస్తుంది. తుఫాను తరువాత మన మాట ఎవరికీ అందకపోవడానికి అది కూడా ఒక కారణం కాగలదు.

తుఫాను తరువాత మాట్లాడటానికి ఎత్తైన యాంటెనా అవసరం లేదన్న సంగతి కొత్తవారికి నచ్చజెప్పడం కష్టమే కానీ అది నిజం. 7 మెగాహెర్ట్జ్‌కు సరిపడే డైపోల్ మొత్తం పొడవు సుమారు 20 మీటర్లు. దాన్ని రెండు మూడు మీటర్ల ఎత్తున, ప్రహరీ గోడకూ మామిడి కొమ్మకూ మధ్య కట్టినా చాలు. తరంగాలు నిట్టనిలువుగా పైకి వెళ్లి అయనావరణం నుంచి చుట్టుపక్కల కొన్ని వందల కిలోమీటర్ల మేర తిరిగి దిగుతాయి. విశాఖ నుంచి విజయవాడకు మాట్లాడటానికి ఇది చక్కగా సరిపోతుంది. అందుచేత కొలిచి కత్తిరించిన డైపోల్ ఒకటి, కొంత తాడు, కేబులుతో సహా బకెట్లో పెట్టి మూత వేసి ఉంచితే, తడిసిన మేడ ఎక్కవలసిన పని ఉండదు.

బ్యాటరీ విషయంలో లెక్క తప్పేవారు ఎక్కువ. వంద వాట్ల సెట్టు పూర్తి శక్తితో పలికేటప్పుడు 20 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఊరికే వింటూ ఉన్నా సుమారు ఒక ఆంపియరు లాగుతుంది. 7 ఆంపియర్-అవర్ల చిన్న బ్యాటరీ మీద రోజంతా వింటూ కూర్చుంటే, చెప్పవలసిన మాట చెప్పే సమయానికి అది చల్లబడిపోతుంది. ఒప్పుకున్న వేళలకే సెట్టు వేయాలి, శక్తిని 20 వాట్లకు తగ్గించాలి, మిగిలిన సమయమంతా ఆపివేయాలి. ఇంట్లో మరొకరు పరీక్ష రాసి రెస్ట్రిక్టెడ్ అనే తొలి స్థాయి లైసెన్సు తీసుకుని ఉంటే, మిత్రుడు జ్వరంతో పడుకున్నా ఆ వేళకు ఒకరు పలకగలరు.

గాలి వీస్తున్నంతసేపు తుఫాను ప్రాంతానికి దూరంగా ఉన్నవారు చేయగలిగినది ఏమీ లేదు, చేయకూడనిది మాత్రం ఉంది: పలకమని అదేపనిగా పిలవకూడదు. ముఖ్యంగా తుఫాను కన్ను ఊరి మీదుగా పోయేటప్పుడు గాలి ఒక్కసారిగా పడిపోతుంది. హుద్‌హుద్ నాడు విశాఖవాసులు దీన్ని చవిచూశారు. అయిపోయిందనుకుని యాంటెనా చూడటానికి మేడ ఎక్కిన మనిషి మీదికి కాసేపట్లో ఎదురు దిక్కు నుంచి అంతే గాలి విరుచుకుపడుతుంది. మన పిలుపు ఆయనను మేడ ఎక్కించే కారణం కాకూడదు.

తీరం దాటాక అన్నిటికన్నా పెద్ద ప్రమాదం తెగిన తీగలతోనే. పడిపోయిన యాంటెనా తీగ కరెంటు తీగతో చిక్కుకుని ఉండవచ్చు. ఊరంతా చీకటిగా ఉందని దాన్ని చేత్తో లాగితే, సబ్‌స్టేషనులో ఎవరో లైను ఇచ్చిన క్షణానో, పక్కింటివారు జనరేటరును తప్పుగా కలిపిన క్షణానో ప్రాణం పోతుంది. విద్యుత్ సిబ్బంది వచ్చి చూసేదాకా ఆ తీగ జోలికి వెళ్లకుండా, పిల్లలను కూడా దూరంగా ఉంచి, 1912కు ఫోను పనిచేస్తే చెప్పాలి. జనరేటరు పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది గనుక దాన్ని వరండాలో కాని, మెట్ల కింద కాని నడపకూడదు.

ఇక విచారణ. బృందం తరఫున ఒక్కరే అడగాలి, ఆ ఒక్కరి పేరు ముందే ఖాయమై ఉండాలి. ఆయన మొదట ఒప్పుకున్న వేళకు వినాలి, తరువాత ఇంటివారికి ఒక ఎస్సెమ్మెస్ పంపాలి. సిగ్నలు ఒక్క క్షణం తగిలినా ఎస్సెమ్మెస్ చేరుతుంది, ఫోను కాల్ అలా చేరదు. ఆ తరువాత ఇరుగుపొరుగు, బంధువు, చివరకు జిల్లా కంట్రోల్ రూము 1077. కంట్రోల్ రూముకు చెప్పేటప్పుడు మన స్నేహం ఎన్నేళ్లదో చెప్పనవసరం లేదు. పేరు, గుర్తులతో ఇల్లు, ఇంట్లో ఎందరు, ఎవరికి మందులు కావాలి, చివరిసారి ఎప్పుడు మాట్లాడారు, తిరిగి ఎవరికి చెప్పాలి, ఇవి చాలు. అత్యవసర నెట్ నడుస్తూ ఉంటే, ప్రాణాపాయ కబుర్లు ముందు, సహాయ సామగ్రి కబుర్లు తరువాత, క్షేమ సమాచారం ఆ తరువాత అన్న వరుసను గౌరవించి, నెట్‌ను నడిపే వ్యక్తి అయిన నెట్ కంట్రోల్ పిలిచేదాకా ఆగాలి. మన మిత్రుడి మీద బెంగ ఎంత నిజమైనదైనా, ఆ క్షణంలో ఒక ఆసుపత్రి ఆక్సిజను కోసం అడుగుతూ ఉండవచ్చు. హామ్ బ్యాండ్ల మీద హామ్‌లు కాని మూడోవారి కబుర్లు మోయడం మామూలు రోజుల్లో నియమాలకు లోబడిన విషయమని, విపత్తు వేళ అధికారుల కోరిక మీద నడిచేదని కూడా గుర్తుంచుకోవాలి.

విన్నది విన్నట్లే రాయడం ఈ పనిలో సగం. ఎవరు విన్నారు, ఎన్ని గంటలకు, ఏ ఫ్రీక్వెన్సీ మీద, మాటలు ఏవి అని లాగు పుస్తకంలో రాయాలి. కాల్‌సైన్ చివరి అక్షరం ఒకటి సరిగా వినబడకపోతే వినబడలేదనే రాయాలి కాని ఊహించి నింపకూడదు. ఒక అక్షరం తేడాతో మరొకరి క్షేమం మన మిత్రుడి ఇంటికి చేరిపోతుంది. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న పిల్లలకు కబురు చేసేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. వారు అర్ధరాత్రి మేలుకుని ప్రతి మాటనూ పదిసార్లు చదువుతారు. “బహుశా క్షేమమే” అన్న మాటకన్నా “ఉదయం ఏడు గంటలకు పిలిచాము, సమాధానం రాలేదు, మళ్లీ ఒంటిగంటకు పిలుస్తాము” అన్న మాటే వారికి మేలు చేస్తుంది. వేళలు భారత కాలమానంలోనే చెప్పాలి. ఫలానా ఇల్లు ఖాళీగా ఉందనో, పెద్దావిడ ఒక్కరే ఉన్నారనో రేడియోలో పలకకూడదు. మన మాట ఎవరైనా వినగలరు.

మిత్రుడు పలికినప్పుడు సంతోషంతో అందరూ ఒకేసారి మాట్లాడే మీట నొక్కడం సహజమే. అయినా ఆయన బ్యాటరీ ఆయనదే, దానికి మళ్లీ చార్జింగు ఎప్పుడో తెలియదు. అందరూ క్షేమమా, వెంటనే కావలసినది ఏమిటి, ఎవరికి ఏం చెప్పాలి, ఈ మూడూ అడిగి, తరువాతి వేళ చెప్పి వదిలేయాలి. తుఫాను కథంతా కరెంటు వచ్చాక వినవచ్చు.

చూడటానికి వెళ్లాలనుకునేవారు రోడ్లు తెరిచారని అధికారులు చెప్పేదాకా ఆగి, తమ తిండీ నీళ్లూ తామే తీసుకుని వెళ్లాలి, లేకపోతే కష్టంలో ఉన్న ఇంటికి అతిథుల భారం కూడా తోడవుతుంది. పాత బట్టలకన్నా చార్జి చేసిన బ్యాటరీ, 15 మీటర్ల కోయాక్స్, రెండు కనెక్టర్లు, కొత్త తాడు, టార్చిలైటు ఆ ఇంటికి ఎక్కువ ఉపయోగపడతాయి. స్తంభం మళ్లీ నిలబెట్టే పని మొదటి రోజే పెట్టుకోకుండా, దాని పునాది కదిలిందేమో, గై తీగల కొక్కేలు గోడ నుంచి ఊడివచ్చాయేమో పగటి వెలుతురులో చూసి, తడి ఆరాక, నడుముకు బెల్టు కట్టుకుని, కింద ఇద్దరు ఉండగానే ఎక్కాలి. సిమెంటు రేకుల మీద మాత్రం ఎవరూ కాలు పెట్టకూడదు.