న్యూయార్క్ వీధి కియోస్క్‌లో ఉచిత వైఫై: పిల్లల దగ్గరికొచ్చిన అమ్మానాన్నలకు కొన్ని జాగ్రత్తలు

జూన్, జులై నెలల్లో న్యూజెర్సీలోని ఎడిసన్, జెర్సీ సిటీ పార్కుల్లో సాయంత్రం పూట ఎటు చూసినా ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలే. కొన్నాళ్ళు ఇంట్లో కూర్చున్నాక విసుగొస్తుంది. పిల్లలకు ఆఫీసు, మనవలకు సమ్మర్ క్యాంపు. దాంతో ఇద్దరే రైలెక్కి న్యూయార్క్ చూసొస్తామంటారు. రెండు మూడు నెలలకు అమెరికా సిమ్ ఎందుకులే అని చాలామంది ఇండియా నంబరుతోనే గడిపేస్తారు. ఇంట్లో వైఫై ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. న్యూయార్క్‌లో రైలు దిగే పెన్ స్టేషన్ మెట్లెక్కి ఏడో అవెన్యూ మీదకి వచ్చాకే టెన్షన్ మొదలవుతుంది: మ్యాప్ రాదు, వాట్సాప్ రాదు, అబ్బాయికి చెప్పే దారి లేదు.

అక్కడ మీకు అక్కరకొచ్చేవి లింక్ ఎన్‌వైసీ కియోస్క్‌లు. ఫుట్‌పాత్ అంచున తొమ్మిదిన్నర అడుగుల ఎత్తున సన్నగా నిలబడి, రెండు పక్కలా 55 అంగుళాల తెరల మీద ప్రకటనలు తిప్పుతూ ఉంటాయి. పాత పబ్లిక్ ఫోన్ల స్థానంలో వీటిని పెట్టారు. 2016 మొదట్లో మూడో అవెన్యూ మీద మొదలై ఇప్పుడు నగరమంతా వేల సంఖ్యకు చేరువయ్యాయి, మాన్‌హట్టన్‌లో బాగా ఎక్కువ. వైఫై, చార్జింగ్, అమెరికాలో ఏ నంబరుకైనా ఫోన్ కాల్, అన్నీ ఉచితం. ఖర్చు ఆ ప్రకటనల మీద వచ్చే డబ్బుతో నడుస్తుంది. కింద ఫైబర్ కేబుల్ ఉంది కాబట్టి, పక్కన నిలబడితే వేగంగానే నెట్ వస్తుంది. నాలుగడుగులు దూరం జరిగేకొద్దీ తగ్గుతుంది.

అసలు జాగ్రత్త ఇంటి దగ్గరే మొదలవ్వాలి. రోడ్డు మీద నిలబడి సెట్టింగులు వెతుక్కునే పని పెట్టుకోవద్దు. ముందుగా ఇండియా సిమ్‌లో డేటా రోమింగ్ ఆఫ్ చేయండి. కియోస్క్ పరిధి దాటగానే ఫోన్ తనంతట తానే మొబైల్ డేటాకి మారిపోతుంది. ప్యాక్ వేయించుకోకపోతే ఆ బిల్లు చూసి కళ్ళు తిరుగుతాయి. అలాగని సిమ్‌నే ఆపేయకండి, ఓటీపీ మెసేజ్‌లు దానికే రావాలి. రోమింగ్ ప్యాక్ లేనప్పుడు ఇండియా నుంచి మామూలు కాల్ వస్తే ఎత్తినా డబ్బే. చుట్టాలందరికీ వాట్సాప్‌లోనే చేయమని ముందే చెప్పి పెట్టండి.

తర్వాత ఫోటోల బ్యాకప్. మన ఫోన్లలో అది వైఫై దొరికినప్పుడే జరిగేలా పెట్టి ఉంటుంది. ఇంట్లో అది మంచిదే. కానీ వీధిలో వేగమైన వైఫై తగలగానే లిబర్టీ విగ్రహం దగ్గర తీసిన ఫోటోలూ, వీడియోలూ అన్నీ ఒక్కసారిగా ఎక్కడం మొదలుపెడతాయి. యాప్‌ల అప్‌డేట్లూ అప్పుడే మొదలవుతాయి. మ్యాప్ చూద్దామని కనెక్ట్ అయితే బ్యాటరీ కరిగిపోతుంది. ఆ రోజుకి రెండూ ఆపేయండి. మాన్‌హట్టన్ మ్యాప్‌ను ఇంట్లోనే ఆఫ్‌లైన్‌గా దించుకుంటే కియోస్క్ కోసం వెతుక్కునే అవసరమే సగం తగ్గుతుంది.

ఇప్పుడు కనెక్ట్ అవ్వడం సంగతి. వైఫై జాబితాలో లింక్ ఎన్‌వైసీ ఫ్రీ వైఫై అని ఇంగ్లిష్ అక్షరాల్లో కనబడుతుంది. దాన్ని నొక్కితే ఒక పేజీ తెరుచుకుని ఈమెయిల్ అడగొచ్చు. బ్యాంకుకి ఇచ్చిన ఈమెయిల్ కాకుండా, ప్రకటనలొచ్చినా పర్లేదు అనుకునే ఇంకోటి ఇవ్వండి. అంతకుమించి ఏమీ ఇవ్వక్కర్లేదు. కార్డు నంబరు, పాస్‌పోర్ట్ వివరాలు, పుట్టిన తేదీ, ఓటీపీ లాంటివి ఏ పేజీ అయినా అడిగిందంటే అది కియోస్క్ వైఫై కాదు. ఎవడో అదే పేరు పెట్టి పక్కన హాట్‌స్పాట్ నడుపుతున్నాడని అనుకోండి. వైఫై పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు, ఆపేవాళ్ళు లేరు. ‘ఇంకా ఫాస్ట్ నెట్ కావాలంటే ఈ యాప్ వేసుకోండి’ అంటే కూడా వద్దనే చెప్పండి.

ఇదే కియోస్క్ నుంచి ప్రైవేట్ అని పేరున్న ఇంకో నెట్‌వర్క్ కూడా వస్తుంది. ఫోన్‌కీ కియోస్క్‌కీ మధ్య గాలిలో వెళ్ళే సమాచారాన్ని అది ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే మధ్యలో ఎవరూ చదవలేని రూపంలోకి మారుస్తుంది. ఫ్రీ వైఫైలో ఆ రక్షణ లేదు. అయితే అది అన్ని ఫోన్లలోనూ పనిచేయదు, ఐఫోన్‌లో ఒక ప్రొఫైల్ (ఫోన్ సెట్టింగులు మార్చే ఫైలు) వేసుకోమంటుంది. పిల్లలు పక్కనుండి చేసిపెడితే మంచిదే. లేకపోతే మీ అంతట మీరు రోడ్డు మీద నిలబడి ప్రొఫైళ్ళు ఇన్‌స్టాల్ చేసుకోవద్దు.

‘పబ్లిక్ వైఫై తగిలితే చాలు, బ్యాంకు ఖాతా ఖాళీ’ అని వాట్సాప్ ఫార్వర్డ్‌లలో తిరిగేదంతా నేను నమ్మను. ఒకప్పుడు అందులో నిజం ఉండేది. ఇప్పుడు పేరున్న వెబ్‌సైట్లు, యాప్‌లు దాదాపు అన్నీ సమాచారాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే పంపుతాయి. వాట్సాప్ కాల్ కూడా అంతే. మ్యాప్ చూసుకోండి, రైలు టైమింగ్స్ చూసుకోండి, హైదరాబాద్‌లో ఉన్న అక్కకి టైమ్స్ స్క్వేర్ వీడియో కాల్‌లో చూపించండి, భయం అక్కర్లేదు. కానీ బ్రౌజర్ ‘మీ కనెక్షన్ సురక్షితం కాదు’ అని హెచ్చరిస్తే మాత్రం అయినా సరే అని ముందుకు వెళ్ళకండి. ఇంట్లో ఎప్పుడూ రాని హెచ్చరిక అక్కడే ఎందుకొచ్చిందో ఆలోచించాలి.

డబ్బు పనులు మాత్రం ఇంటికొచ్చాకే. నా ఉద్దేశంలో దీనికి వైఫై ఒక్కటే కారణం కాదు. హడావిడిలో, ఎండలో, వెనక సైరన్లు మోగుతుండగా ఫోన్ తెర మీద అక్షరాలు సరిగ్గా చదవకుండానే ఓకే నొక్కేస్తాం. అయినా అక్కడ మధ్యాహ్నం పన్నెండు అయితే ఇండియాలో రాత్రి తొమ్మిదిన్నర. బ్యాంకులు మూసేసిన వేళ అంత అర్జెంటుగా పంపాల్సిన డబ్బేముంటుంది? ‘ఈ రాత్రికే కరెంటు కట్ చేస్తాం, లింక్ నొక్కి బిల్లు కట్టండి’ లాంటి మోసపు మెసేజ్‌లు మీరు అమెరికా వచ్చినంత మాత్రాన ఆగవు. కియోస్క్ దగ్గర నెట్ రాగానే పొద్దున్నుంచి పేరుకున్నవన్నీ ఒకేసారి టింగుటింగుమని పడతాయి. అప్పుడే వాటికి స్పందించకండి.

వైఫైలో వచ్చే ప్రమాదం కంటే ఫోన్ చేతిలో పట్టుకుని మైమరచి నిలబడటం వల్ల వచ్చేదే ఎక్కువ. ఈ కియోస్క్‌లు రోడ్డు పక్క అంచునే ఉంటాయి. పక్కనే సైకిళ్ళ దారి ఉంటుంది చాలా చోట్ల, డెలివరీ కుర్రాళ్ళ ఎలక్ట్రిక్ సైకిళ్ళు చప్పుడు లేకుండా వచ్చేస్తాయి. మోపెడ్ మీద వచ్చి చేతిలో ఫోన్ లాక్కుపోయిన సంఘటనలు న్యూయార్క్‌లో జరిగాయి. కాబట్టి కనెక్ట్ అయ్యాక రోడ్డుకి దూరంగా, భవనం గోడ వైపు జరగండి, ఆ కాస్త దూరంలో సిగ్నల్ పోదు. గోడకి వీపు ఆనించి నిలబడితే వెనక నుంచి ఎవరూ తెరలోకి తొంగిచూడలేరు. ఒకరు ఫోన్ చూస్తుంటే ఇంకొకరు బ్యాగ్ పట్టుకుని చుట్టూ చూడాలి. ఇద్దరూ కలిసి ఒకే తెరలో తల దూర్చొద్దు. ఎవరైనా ‘సాయం చేస్తాను, ఫోన్ ఇలా ఇవ్వండి’ అని వస్తే నవ్వి వద్దనండి. మొహమాటానికి పోవద్దు.

చార్జింగ్‌కి కియోస్క్‌లో యూఎస్‌బీ పోర్టులు ఉంటాయి. పబ్లిక్ పోర్టుల ద్వారా ఫోన్‌లోకి దొంగ సాఫ్ట్‌వేర్ ఎక్కించవచ్చని 2023లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ డెన్వర్ కార్యాలయం హెచ్చరించింది. ఇలా నష్టపోయినవాళ్ళ కథలు మాత్రం పెద్దగా బయటికి రాలేదు. తప్పనిసరైతే పెట్టుకోండి, కానీ మీ కేబుల్‌తోనే పెట్టండి, ‘ఈ పరికరాన్ని నమ్మాలా?’ అని ఫోన్ అడిగితే వద్దని నొక్కండి. దానికంటే ఒక పవర్ బ్యాంక్ బ్యాగులో వేసుకుంటే గొడవే లేదు. చార్జింగ్ కోసం అరగంట రోడ్డు మీద ఫోన్ వేలాడదీసుకుని నిలబడటమే నాకు ఎక్కువ ఇబ్బందిగా అనిపిస్తుంది.

నన్నడిగితే వీటన్నిటికంటే గొప్ప సౌకర్యం ఉచిత కాల్. మీ ఫోన్ చచ్చిపోయినా, పోయినా, కియోస్క్ మీది టాబ్లెట్ నుంచి అబ్బాయికి ఫోన్ చేయొచ్చు. అయితే రెండు చిక్కులున్నాయి. మొదటిది, నంబరు గుర్తుండదు. కొడుకు, కోడలు, ఇంటి దగ్గర ఇంకొక తెలుగువాళ్ళు, ఈ మూడు నంబర్లూ కాగితం మీద రాసి పర్సులో ఒకటి, హ్యాండ్‌బ్యాగులో ఒకటి పెట్టుకోండి. రెండోది, స్పామ్ కాల్స్ బెడదకి ఇక్కడ తెలియని నంబరు వస్తే ఎవరూ ఎత్తరు. వెంటవెంటనే రెండుసార్లు చేస్తే మేమే అని అర్థం, ఎత్తాలి అని పిల్లలతో ముందే ఒప్పందం చేసుకోండి. ఎత్తకపోతే వాయిస్ మెసేజ్‌లో ఏ వీధి, ఏ అవెన్యూ మూలన ఉన్నారో చెప్పండి. అక్కడ మాట స్పీకర్‌లోంచి వస్తుంది, దారిన పోయేవాళ్ళందరికీ వినిపిస్తుంది. ఇంటి అడ్రసు, డోర్ లాక్ కోడ్, ‘ఇంట్లో ఎవరూ లేరు’ లాంటివి బిగ్గరగా చెప్పుకోవద్దు.

ఆపద వస్తే కియోస్క్ మీద 911 అని ఎర్ర బటన్ ఉంటుంది. మీ సొంత ఫోన్ నుంచి కూడా 911 వెళ్తుంది, అమెరికా సిమ్ లేకపోయినా. సరదాకి నొక్కి చూడకండి, నిజంగానే ఎత్తుతారు.

కియోస్క్ మీద ఎవరో అంటించిన క్యూఆర్ స్టిక్కర్లను స్కాన్ చేయకండి. టెక్సస్‌లో పార్కింగ్ మీటర్ల మీద దొంగ క్యూఆర్‌లు అంటించి కార్డు వివరాలు కొట్టేశారు. ఇక కియోస్క్‌లో కెమెరాలున్నాయనీ, మన కదలికలు గమనిస్తున్నారనీ న్యూయార్క్‌లో హక్కుల సంఘాలు మొదట్లోనే అభ్యంతరం చెప్పాయి. ఆ తర్వాత ప్రైవసీ నిబంధనలు కొంత మార్చారు. ఒక్క రోజు చూసిపోయే మనకి అది పెద్ద విషయం కాకపోవచ్చు, తెలిసుంటే మంచిది. కెమెరాలను ఎలాగూ ఆపలేం కానీ, ఫోన్ వైఫై సెట్టింగుల్లో ప్రైవేట్ అడ్రస్ అనేది ఆన్‌లో ఉంచండి, అది ఫోన్ అసలు గుర్తింపు సంఖ్యను వైఫైకి చూపించదు.

సాయంత్రం ఇంటికొచ్చాక వైఫై జాబితాలో ఆ నెట్‌వర్క్‌ను మర్చిపో అని నొక్కండి, లేదా ఆటో జాయిన్ తీసేయండి. లేకపోతే అదే పేరుతో ఎవడు ఎక్కడ హాట్‌స్పాట్ పెట్టినా మీ ఫోన్ అడక్కుండానే వెళ్ళి అంటుకుంటుంది. ఆపేసిన ఫోటో బ్యాకప్‌ను మళ్ళీ ఆన్ చేయడం మరవకండి. ఫిలడెల్ఫియా, న్యూఆర్క్ నగరాల్లోనూ ఇలాంటి లింక్ కియోస్క్‌లే పెట్టారు, అటు వెళ్ళినా ఇవే జాగ్రత్తలు. ఫెర్రీ ఎక్కి లిబర్టీ ద్వీపానికి వెళ్తే మాత్రం వీటి మీద ఆశ పెట్టుకోకండి. ఎన్నింటికి తిరిగొస్తారో పడవెక్కే ముందే అబ్బాయికి మెసేజ్ పెట్టండి.