ట్యాంకు మోడల్ రంగు తేడా కొడుతోందా? డబ్బా మీద బొమ్మ పక్కన పెట్టి తేదీ చూడండి

రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ట్యాంకు కిట్లు కట్టేవాళ్లకు రంగుల దగ్గర వచ్చే తలనొప్పులు చాలావరకు ఒక్క ప్రశ్నతో తేలిపోతాయి: ఈ బండి ఏ నెలలో, ఎక్కడ ఉంది? అది తేల్చుకోకుండా రంగు సీసా మూత తీయకండి.

సమస్య: కుర్స్క్ యుద్ధం (రష్యా, 1943 జులై) నాటి పాంథర్ ట్యాంకుకు బూడిద రంగు వేస్తే తప్పంటున్నారు

కారణం: జర్మన్ ట్యాంకు అంటే బూడిద రంగే అనుకోవడం. 1940 జులై 31 ఉత్తర్వు ట్యాంకులన్నిటికీ ముదురు బూడిద రంగు ఒక్కటే ఖాయం చేసిన మాట నిజమే. కానీ 1943 ఫిబ్రవరి 18న పద్ధతి మారింది. ముదురు పసుపు అడుగు రంగు అయింది, దాని మీద ఆలివ్ ఆకుపచ్చ, ఎర్ర గోధుమ మచ్చలు వచ్చాయి. పాంథర్ యుద్ధంలోకి దిగిందే 1943 జులైలో.

పరిష్కారం: బండి తేదీని ఈ రెండు ఉత్తర్వులతో పోల్చండి. 1942 ఆగస్టు చివర్లో లెనిన్‌గ్రాడ్ వైపు వెళ్లిన మొదటి టైగర్ ట్యాంకులకు బూడిద రంగు సరైనదే. ఆఫ్రికా లెక్క వేరు. అక్కడికి 1941 మార్చి నుంచే ఎడారి రంగులు విడిగా ఉన్నాయి. ఇంకో సంగతి, ఉత్తర్వు వచ్చిన మర్నాటికే పాత బండ్లన్నీ పసుపెక్కిపోలేదు. 1943 వసంతకాలపు బండి అయితే ఫొటో దొరికేదాకా ఆగండి. ఇప్పటికే బూడిద రంగు వేసేసింది మూడో నంబరు పాంజర్ (యుద్ధం మొదటి నుంచీ ఉన్న ట్యాంకు) కైతే, రంగు గీకడం కన్నా నేమ్‌ప్లేటు మీద తేదీ వెనక్కి జరపడం తేలిక. పాంథర్‌కు ఆ వెసులుబాటు లేదు.

సమస్య: 1939 పోలండ్ ట్యాంకు ఫొటోలో ఒకే రంగు, పుస్తకంలో రెండు

పుస్తకమే కరెక్టు. అప్పట్లో మూడింట రెండు వంతులు ముదురు బూడిద, ఒక వంతు ముదురు గోధుమ వేసేవారు. రెండూ దాదాపు ఒకే ముదురు కావడంతో, పైన దుమ్ము పడ్డాక, నలుపు-తెలుపు ఫొటోలో కలిసిపోతాయి. మోడల్ కట్టేవాళ్లు దశాబ్దాల పాటు అంతా బూడిదే అనుకున్నది ఇందుకే. గోధుమ మచ్చల అంచులు గీత గీసినట్టు కాకుండా మెత్తగా కలిసేలా ఎయిర్‌బ్రష్ చేయండి. మోడల్‌ను కూడా దూరం నుంచి చూస్తే రెండో రంగు ఉందా లేదా అన్న అనుమానం రావాలి. పెద్ద తెల్ల శిలువ గుర్తు శత్రువుకు గురిపెట్టే బొట్టులా పనికొస్తోందని సిబ్బంది దాన్ని బురదతో మూసేసిన బండ్లూ ఉన్నాయి.

సమస్య: మూడు రంగులూ సరైనవే, అయినా మచ్చలు నమ్మేలా లేవు

అసలు చిక్కు ఇక్కడే. 1943లో ఆకుపచ్చ, గోధుమ రంగులు చిక్కటి పేస్టుగా డబ్బాల్లో సైనిక దళాలకే వెళ్లేవి. నీళ్లో పెట్రోలో, ఏది చేతికందితే అది కలిపి అక్కడే స్ప్రే చేసుకునేవారు. పెట్రోలు కలిపితే రంగు గట్టిగా నిలిచేది, నీళ్లు కలిపింది వానకు వెలిసిపోయేది. ఒకే దళంలో పక్కపక్క బండ్లకే పోలిక ఉండదు. మనం మాత్రం మాస్కింగ్ టేపు అతికించి పదునైన అంచులు తీస్తాం.

పరిష్కారం: 1943-44 బండికి టేపు మానేయండి. ఆకుపచ్చ ఒకచోట పలచగా, ఇంకోచోట చిక్కగా పడనివ్వండి. ఫ్యాక్టరీలోనే మచ్చలు వేయడం 1944 ఆగస్టులో మొదలైంది. చుక్కలు చుక్కలుగా కనిపించే 'ఆంబుష్' నమూనా అప్పటిదే. కాబట్టి 1944 జూన్ నాటి నార్మండీ (ఫ్రాన్స్) ట్యాంకు మీద ఆ చుక్కలుంటే తప్పే. దీన్ని జిమ్మరిట్ పూతతో సరిచూసుకోవచ్చు. అయస్కాంత మందుపాతరలు అంటుకోకుండా గీతలు గీతలుగా పూసే ఆ పేస్టును 1944 సెప్టెంబరులో ఆపమన్నారు. ఫ్యాక్టరీ చుక్కలు, జిమ్మరిట్ రెండూ ఉన్న బండి ఆ కొద్ది వారాలలోనిదే అయి ఉంటుంది.

సమస్య: నంబరు చూసి కొన్న రంగే, కానీ బొమ్మ మీద నల్లగా ఉంది

ఆర్ఏఎల్ (రంగులకు నంబర్లిచ్చే జర్మన్ పట్టిక) 7021, అంటే ఆ ముదురు బూడిద, అసలే నలుపుకు దగ్గర. చిన్న బొమ్మ మీద ఇంకా ముదురుగా అనిపిస్తుంది. కొంచెం లేత బూడిద కలపండి, 1:72 (అసలు బండిలో 72వ వంతు) బొమ్మకు ఇంకాస్త ఎక్కువ. నీలం మాత్రం కలపొద్దు. ముదురు పసుపుది ఇంకో గొడవ. పాత 7028 నంబరు ఇప్పటి ఆర్ఏఎల్ పట్టికలో లేదు, అందుకే ఒక కంపెనీ సీసా ఆకుపచ్చగా, ఇంకోటి గోధుమగా కనిపిస్తుంది. రెంటినీ కిట్‌లో మిగిలిన ప్లాస్టిక్ చట్రం ముక్క మీద పూసి, ఆరాక, ట్యూబ్‌లైటు కింద కాకుండా ఎండలో చూసి ఎంచుకోండి.

సమస్య: మ్యూజియం ట్యాంకు చూసే వేశాం, అయినా తప్పంటున్నారు

మ్యూజియం బండ్లకు యుద్ధం తర్వాత మళ్లీ మళ్లీ రంగులేశారు. వాటిని ఆకారం, వెల్డింగ్ చూడటానికి వాడుకోండి. కంప్యూటరు రంగులద్దిన పాత ఫొటోలను అసలు లెక్కలోకే తీసుకోకండి. అది యంత్రం ఊహ.

సమస్య: నంబరు డెకాల్ (అతికించే గుర్తుల స్టిక్కరు) బండికి కుదరడం లేదు

సాధారణంగా టరెట్ (ఫిరంగి ఉండే తిరిగే పైభాగం) మీద మూడంకెలు కంపెనీ, ప్లాటూన్, బండి వరసను చెబుతాయి. ఇంగ్లండ్‌లోని బోవింగ్టన్ ట్యాంకు మ్యూజియంలోని టైగర్ 131 అంటే ఒకటో కంపెనీ, మూడో ప్లాటూన్, మొదటి బండి. దాన్ని 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో పట్టుకున్నారు. టైగర్‌కు ఉక్కు అంచు చక్రాలు వచ్చింది 1944 ఫిబ్రవరి నుంచి. కాబట్టి మీ కిట్‌లో ఉక్కు చక్రాలుంటే ట్యునీషియా డెకాల్స్ షీటు తిరిగి కవర్లో పెట్టేసి, 1944 నాటి షీటు వెతుక్కోండి.